రేసు ఫ్రేమా, ఎండ్యూరెన్స్ ఫ్రేమా: 54 సైజులో ఏది మేలు?

రోడ్డు సైకిళ్లలో వంగి వేగంగా తొక్కేవాళ్లకి రేసు ఫ్రేమ్, కాస్త నిటారుగా కూర్చుని చాలా దూరం తొక్కేవాళ్లకి ఎండ్యూరెన్స్ ఫ్రేమ్. రెండిటి మీదా 54 అనే రాసి ఉంటుంది. ఒకటి ఒంటికి సరిపోతుంది, రెండోది నడుము విరుస్తుంది. ఆ అంకె ఒకప్పుడు సీటు ట్యూబు (సీటు కింద నిలువుగా ఉండే గొట్టం) పొడవు, సెంటీమీటర్లలో. పై ట్యూబు వాలుగా రావడం మొదలయ్యాక అది చొక్కా సైజు లాంటిదైపోయింది. అసలు పోల్చాల్సినవి స్టాక్, రీచ్. క్రాంకుల (పెడళ్లు బిగించే కడ్డీల) ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ నడిమి నుంచి హెడ్ ట్యూబు (ఫ్రేమ్ ముందు, హ్యాండిల్ కింద ఉండే గొట్టం) పై కొస ఎంత ఎత్తులో ఉందో అది స్టాక్, అడ్డంగా ఎంత ముందుకు ఉందో అది రీచ్.

ఉదాహరణకి రేసు ఫ్రేమ్ స్టాక్ 545 మి.మీ., రీచ్ 388 అనుకుందాం. ఎండ్యూరెన్స్ ఫ్రేమ్ స్టాక్ 580, రీచ్ 378. కంపెనీని బట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి కానీ తేడా తీరు ఇదే.

రేసు ఫ్రేమ్ కొని, స్టెమ్ (హ్యాండిల్‌ని ముందుకు పట్టి ఉంచే పొట్టి కడ్డీ) కింద స్పేసర్లు, అంటే ఎత్తు పెంచే రింగులు, వేసుకుంటే సరిపోదా? లెక్క చూస్తే సరిపోయినట్టే ఉంటుంది. హెడ్ ట్యూబు 73 డిగ్రీల వాలులో ఉంటుంది కాబట్టి ప్రతి 10 మి.మీ. స్పేసరుకీ హ్యాండిల్ పైకి లేవడమే కాదు, దాదాపు 3 మి.మీ. వెనక్కీ వస్తుంది. 35 మి.మీ. స్పేసర్లు వేస్తే, ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాతో, హ్యాండిల్ ఎండ్యూరెన్స్ ఫ్రేమ్‌లో ఉన్న చోటికే చేరుతుంది. చిక్కు ఆ తర్వాతే. కార్బన్ స్టీరర్ ట్యూబు (ఫోర్కు నుంచి హెడ్ ట్యూబు గుండా పైకి వచ్చే గొట్టం) మీద ఎంత ఎత్తు స్పేసర్లు వేయొచ్చో తయారీదారు హద్దు పెడతాడు, తరచుగా అది 30–40 మి.మీ. ఇంకో సెంటీమీటరు పైకి కావాలంటే దారి ఉండదు.

ఎండ్యూరెన్స్ ఫ్రేమ్‌కీ హద్దుంది, కాకపోతే కింది వైపు. స్పేసర్లన్నీ తీసేశాక 100 మి.మీ. స్టెమ్ కోణాన్ని మైనస్ 6 డిగ్రీల నుంచి మైనస్ 17కి మారిస్తే హ్యాండిల్ ఇంకో 19 మి.మీ. దిగుతుంది, అంతే. హెడ్ ట్యూబుని కోసి పొట్టి చేయలేం కదా.

అందుకే ముందు శరీరం కొలత, తర్వాతే ఫ్రేమ్. చెప్పులు లేకుండా గోడకి ఆని నిలబడి, కాళ్ల మధ్య పుస్తకం గట్టిగా పైకి నొక్కిపెట్టి, నేల నుంచి దాని పై అంచు దాకా కొలవండి. 82 సెం.మీ. వస్తే 0.883తో గుణించండి: 72.4. బాటమ్ బ్రాకెట్ నడిమి నుంచి సీటు పైభాగం దాకా మొదట పెట్టి చూడాల్సిన ఎత్తు ఇది. తొక్కుతుంటే పిరుదులు అటూ ఇటూ ఊగితే 5 మి.మీ. దించండి.

ఇక అందరూ చేసే పొరపాటు: చేతులు అందడం లేదని సీటుని ముందుకు జరపడం. బరువు అరచేతుల మీద పడి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, కొందరికి మోకాలి ముందు భాగం నొప్పి పెడుతుంది. ట్రైనర్ (సైకిల్‌ని ఒకేచోట నిలిపి తొక్కే స్టాండు) మీద ఓ మోస్తరు జోరుగా తొక్కుతూ చేతులు కాస్త పైకెత్తండి. మనిషి ముందుకు పడిపోతుంటే సీటు మరీ ముందుందని. దూరం సరిచేయాల్సింది 10 మి.మీ. పొట్టి స్టెమ్‌తో. సీటు ట్యూబు కోణాన్ని కూడా ఇక్కడే చూడాలి, ఎందుకంటే రీచ్ అంకెలో అది కనబడదు. 72 సెం.మీ. సీటు ఎత్తు దగ్గర ఒక్క డిగ్రీ తేడా సీటుని 12 మి.మీ. జరుపుతుంది. 74 డిగ్రీల ఫ్రేమ్‌లో సీటు పట్టాల మీద వెనక్కి జరగడానికి చోటు మిగిలిందో లేదో చూసుకోండి.

హ్యాండిల్ తిరిగే తీరుకి ట్రెయిల్ కారణం: హెడ్ ట్యూబు గీతని నేల దాకా పొడిగిస్తే అది తాకే చోటుకి, ముందు చక్రం నేలని తాకే చోటు ఎంత వెనక ఉందో అది. 28 మి.మీ. టైరుతో, హెడ్ 73 డిగ్రీలు, ఫోర్కు ఆఫ్‌సెట్ (ఆ గీత నుంచి చక్రం ఇరుసు ముందుకు ఉన్న దూరం) 45 మి.మీ. ఉంటే ట్రెయిల్ సుమారు 57 మి.మీ. హెడ్ 71.5, ఆఫ్‌సెట్ 50 అయితే 61. మొదటిది చిటుక్కున తిరుగుతుంది, రెండోది గతుకుల్లో నిలకడగా పోతుంది.

నా ఓటు చాలామందికి ఎండ్యూరెన్స్ ఫ్రేమ్‌కే. మోచేతులు వంచి, డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపులు) పట్టుకుని, మెడ పట్టేయకుండా ఇరవై నిమిషాలు తొక్కగలిగేవాళ్లకి రేసు ఫ్రేమ్ దండగ కాదు. ఏది తీసుకున్నా మీ హ్యాండిల్ ఎత్తు 10–20 మి.మీ. స్పేసర్లతో, దూరం 90–110 మి.మీ. స్టెమ్‌తో కుదరాలి. స్టెమ్ 70కి పడిపోతోందంటే ఆ ఫ్రేమ్ మీది కాదు. సైజు దించేముందు ఒకటి చూడండి: క్రాంకులు నేలకి సమాంతరంగా పెట్టి హ్యాండిల్ తిప్పితే బూటు కొన ముందు చక్రానికి తగులుతోందా అని. చిన్న ఫ్రేముల్లో ఇది మామూలే, ఇబ్బంది మాత్రం నెమ్మదిగా మలుపు తీసుకునేటప్పుడే.