ఆన్‌లైన్ లీగల్ సైట్లలో ‘ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్’ అని చూసి డబ్బు కట్టేవాళ్లూ, జాగ్రత్త

లాయరుతో మాట్లాడటానికి, కాగితాలు పంపుకోవడానికి ఆన్‌లైన్ లీగల్ ప్లాట్‌ఫాం తీసుకుందామనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. నేను తీసుకున్న సైట్ పేరు రాయడం లేదు, రిఫండ్ వ్యవహారం ఇంకా నడుస్తోంది.

మాది ఆస్తి పంపకాల గొడవ. దస్తావేజులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, లాయరుకు మనసు విప్పి రాసుకున్న మెసేజ్‌లు అన్నీ అందులోనే పెట్టాలి. మామూలు ప్లాన్ కంటే పై ప్లాన్‌లో అదనంగా ఉన్నది ఈ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షనే, అంటే మన మెసేజ్‌లు, ఫైళ్లు వేరేవాళ్లు చదవలేకుండా వేసే తాళం. ‘మీరు, మీ లాయరు తప్ప ఎవరూ చదవలేరు, మేము కూడా’ అని పెద్ద అక్షరాల్లో వేశారు. దాని కోసమే ఎక్కువ కట్టాను.

సెటప్ అంటే సెట్టింగ్స్‌లో ఒక స్విచ్, అంతే. నొక్కగానే ఆకుపచ్చ తాళం బొమ్మ వచ్చింది. రికవరీ కీ (పాస్‌వర్డ్ పోతే ఫైళ్లు తెరవడానికి మన దగ్గరే ఉంచుకునే కోడ్) ఇచ్చి రాసి పెట్టుకోమనడం గానీ, మధ్యలో వేరేవాళ్లు లేరని తేల్చుకోవడానికి నా స్క్రీన్ మీది కోడ్‌ని లాయరు దగ్గరున్న కోడ్‌తో సరిచూసుకోమనడం గానీ ఏమీ లేదు. కొన్నాళ్లకు ఒక ఫైల్ సరిగ్గా తెరుచుకోవడం లేదని సపోర్ట్‌కు రాశాను. జవాబు చాలా మర్యాదగా వచ్చింది: ‘మీరు పెట్టిన దస్తావేజులో నాలుగో పేజీ తలకిందులుగా ఉందండీ, సాక్షుల సంతకాల దగ్గర కట్ అయింది, మళ్లీ స్కాన్ చేసి పెట్టండి.’

మేము కూడా చదవలేం అన్నవాళ్లకు సాక్షుల సంతకాలు ఎలా కనిపించాయి? అదే అడిగాను. ‘అవసరమైతేనే మా టెక్నికల్ టీమ్ చూస్తుంది, బయటికి పోదు, టెన్షన్ పడకండి’ అన్నారు. ఆ తర్వాత వేరే కంప్యూటర్‌లో, ఈమెయిల్‌కు వచ్చిన లింకుతో పాస్‌వర్డ్ మార్చి లాగిన్ అయితే పాత మెసేజ్‌లు, ఫైళ్లు అన్నీ భేషుగ్గా తెరుచుకున్నాయి. ఇక అనుమానం అక్కర్లేదు. బీరువా తాళం మన చేతికిచ్చి, మారుతాళం వాళ్లు జేబులో వేసుకున్నారన్నమాట.

ఇలాంటి సైట్లు చెప్పుకునే టీఎల్‌ఎస్, ఏఈఎస్-256 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతులు అబద్ధాలు కావు. మొదటిది మన దగ్గర నుంచి సర్వర్ దాకా దారిలో ఎవరూ చదవకుండా కాపాడుతుంది. రెండోది సర్వర్‌లో ఉన్న ఫైళ్లకు వేసే తాళం. అయితే ఆ తాళంచెవి కంపెనీ దగ్గరుంటే వాళ్ల ఉద్యోగి చదవగలడు, సర్వర్‌లోకి, ఆ కీ దాకా చొరబడినవాడూ చదవగలడు. ఎండ్-టు-ఎండ్ అంటే విప్పే కీ రెండు వైపులా మనుషుల పరికరాల్లోనే ఉండాలి. ఇది చిన్న సైట్ల బుద్ధి మాత్రమే అనుకోకండి. జూమ్ ఇలాంటి మాటే చెప్పి జనాన్ని తప్పుదోవ పట్టించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2020లో ఆరోపించింది. మీటింగ్‌లను చూడగలిగే కీలు కంపెనీ దగ్గరే ఉన్నాయన్నది అందులో ఒక అంశం. ఆ వ్యవహారం చివరికి సెటిల్‌మెంట్‌తో ముగిసింది.

కాబట్టి కొనే ముందు ఒక్క ప్రశ్న రాతలో అడగండి: ‘పాస్‌వర్డ్, రికవరీ కీ రెండూ పోగొట్టుకుని, పాత ఫోన్ కూడా లేకపోతే నా ఫైళ్లు తెచ్చివ్వగలరా?’ ‘ఓ, తప్పకుండా’ అంటే ఆ ప్లాన్‌కు అదనపు డబ్బు కట్టకండి. ‘లేదండీ, పోయినట్టే’ అన్నవాళ్లే నమ్మదగినవాళ్లు. ట్రయల్ ఉంటే పనికిరాని ఫైల్ ఒకటి పెట్టి నేను చేసినట్టే పరీక్షించండి. అసలు కాగితాలతో మాత్రం వద్దు, ఎన్‌క్రిప్షన్ నిజమైనదైతే అవి మళ్లీ దక్కవు. అందుకే అలాంటి చోట కూడా ఒరిజినల్ కాపీలు, రికవరీ కీ విడిగా దాచుకోవాలి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. మెసేజ్ మొత్తం ఈమెయిల్ నోటిఫికేషన్‌లో వచ్చేస్తుంటే లోపల ఎంత గట్టి తాళం ఉండి ఏం లాభం? ఫైళ్లలోని మాటల్ని సర్వరే వెతికి పెట్టినా, ఏఐ సారాంశం సర్వర్‌లోనే తయారైనా, అది చదవగలుగుతోందనే అర్థం. ఎన్‌క్రిప్షన్ నిజమైనదే అయినా ఫైల్ పేర్లు బయటికి కనబడే సైట్లున్నాయి, కాబట్టి ‘అన్నయ్య మీద కేసు’ లాంటి పేర్లు పెట్టకండి. స్విచ్ వేయకముందు పెట్టిన పాత ఫైళ్లకు అది వర్తిస్తుందో లేదో కూడా అడగండి. లాయరుగారి ఆఫీసులో ఆ అకౌంట్ ఎంతమంది వాడతారో ఆయన్నే అడగాలి, మొహమాటపడక్కర్లేదు.

రిఫండ్ అడిగితే ‘మా దగ్గర ఎన్‌క్రిప్షన్ ఉంది కదా’ అన్న ముక్కే తిప్పి తిప్పి చెబుతున్నారు. ప్లాన్ పేజీ, సపోర్ట్ జవాబు రెండింటికీ స్క్రీన్‌షాట్లు తీసుకున్నాను. మీకూ ఇలాగే జరిగితే అకౌంట్ మూసేయకముందే అవి తీసుకుని, ఫైళ్లన్నీ దింపుకుని, బ్యాకప్‌లలోంచి కూడా ఎప్పటికి తీసేస్తారో ఈమెయిల్‌లో రాయించుకోండి. నాకు ఆ తేదీ ఇంకా చెప్పలేదు.