టీచర్లు పంచుకునే మ్యాథ్స్, సైన్స్ ఫైళ్లు: 2016 నుంచి వాడుతున్నా, నా అనుభవం ఇదీ

నేను మ్యాథ్స్, ఫిజికల్ సైన్స్ రెండూ చెప్తాను. ల్యాబ్ సామాను సగం పనిచేయదు, ఒక్క ప్రొజెక్టరు ఉంది, నెట్ వస్తే వచ్చినట్టు లేకపోతే లేదు, ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేని పిల్లలే ఎక్కువ. ఇలాంటి బళ్లలో పనిచేసే టీచర్లం కొంతమందిమి కలిసి 2016లో ఒక షేర్డ్ డ్రైవ్ పెట్టుకున్నాం, అంటే నెట్‌లో అందరం ఫైళ్లు పెట్టి తీసుకునే ఫోల్డరు. దాంతోపాటు ఫెట్ సిమ్యులేషన్లు (కంప్యూటర్ తెర మీద చేసి చూసే ప్రయోగాలు), జియోజెబ్రా (బొమ్మలు గీసి కదిపి చూపించే మ్యాథ్స్ సాఫ్ట్‌వేర్) ఫైళ్లు మొదటి నుంచీ వాడుతున్నా. మొదట్లో దొరికిందల్లా డౌన్‌లోడ్ చేసేసేవాణ్ణి. అందులో ఎక్కువ భాగం ఒక్కసారి కూడా తెరవలేదు.

ముందు ఫెట్ గురించి. కొలరాడో యూనివర్సిటీలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టింది ఇది, ఫిజిక్స్ నోబెల్ వచ్చిన ఏడాది తర్వాత. మాలాంటి బళ్లకి దీంట్లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఏంటంటే ఒక్కో సిమ్యులేషన్ ఒక్క ఫైలుగా దిగుతుంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి బ్రౌజర్‌లో తెరిస్తే చాలు, నెట్ అక్కర్లేదు. సర్క్యూట్ల పాఠం అప్పుడు పిల్లల్ని అడిగా, రెండు బల్బులు సిరీస్‌లో ఉంటే ఏది ఎక్కువ వెలుగుతుంది అని. దాదాపు అందరూ మొదటిదే అన్నారు, ఎందుకంటే కరెంట్ అక్కడ కొంత ఖర్చయిపోతుంది కదా సార్ అని. 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓమ్‌ల బల్బులు రెండు తగిలించి అమ్మీటర్‌ని బల్బుకి ముందు పెట్టి, మధ్యలో పెట్టి, చివర్లో పెట్టి చూపించా, మూడు చోట్లా 0.45 ఆంపియర్లే. వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి "మరి బ్యాటరీ ఎందుకు అయిపోతుంది సార్" అంది, ఆ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తున్నా, కరెంట్ వేరు ఎనర్జీ వేరు అన్న మాట అక్కడి నుంచే మొదలైంది.

కానీ ఒకటి ముందే చెప్పాలి. అందులో మామూలుగా కనిపించేవి ఎలక్ట్రాన్లు, మన పుస్తకంలో కరెంట్ దిక్కు చూపే బాణం గుర్తు అవి కదిలే దిక్కుకి ఎదురుగా ఉంటుంది. మొదటిసారి నేను సిమ్యులేషన్‌లో ఆ సెట్టింగ్ మార్చుకోకుండా క్లాసుకి వెళ్లిపోయా, పిల్లలు పుస్తకం తప్పా సిమ్యులేషన్ తప్పా అని తేల్చుకోలేక పీరియడ్ అంతా దానికే పోయింది. ఈ సంగతి ఎవరైనా రెండు లైన్లు రాసిపెట్టుంటే ఎంత బాగుండేది అనిపించింది.

ఇన్నేళ్లలో నాకు గట్టిగా అర్థమైంది ఇదే. ఫైలు ఒక్కటే పెడితే సగమే పంచుకున్నట్టు. దాన్ని క్లాసులో వాడాక పిల్లలు ఎక్కడ తడబడ్డారు, ఏ జవాబు చెప్పారు, ఎంతసేపు పట్టింది, ఇవి రాస్తేనే అవతలి టీచరుకి ఉపయోగం. భిన్నాల కూడిక వర్క్‌షీట్లు మా డ్రైవ్‌లో లెక్కలేనన్ని ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. ఒక మేడమ్ పెట్టిన దాంట్లో మాత్రం కింద చిన్న నోట్ ఉంది: "1/3 + 1/4 ని 2/7 అని రాస్తారు, తప్పు అనొద్దు, 2/7 పెద్దదా 1/3 పెద్దదా అని అడగండి." నేను అడిగా. ఇద్దరు ముగ్గురు భాగించి చూసుకున్నారు, 2/7 అంటే 0.28 చిల్లర, 1/3 అంటే 0.33. కలిపితే తగ్గిందేంటి అని వాళ్లే అన్నారు, వాళ్లే కొట్టేశారు. ఆ నోట్ లేకపోతే నేను మళ్లీ క.సా.గు. దగ్గర్నుంచే మొదలుపెట్టేవాణ్ణి. ఆ మేడమ్‌ని నేను ఇప్పటికీ కలవలేదు, కానీ ప్రతి ఏడూ ఆ పాఠం వచ్చినప్పుడు గుర్తుచేసుకుంటా.

జియోజెబ్రా కూడా ఉచితమే, 2001లో ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టాడు. అక్కడ టీచర్లు పెట్టిన యాక్టివిటీలు బోలెడు, నచ్చినదాన్ని కాపీ చేసుకుని మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు. ఇబ్బందల్లా వెతకడమే, ఒకే పేరుతో వందలొస్తాయి, ఏది బాగుందో తెరిచి చూస్తేగానీ తెలీదు. ఒకసారి అలాగే దింపుకున్న త్రిభుజం ఫైలు చూపిస్తుంటే ఒక కుర్రాడు కోణాలు కూడి 181 వస్తోంది సార్ అన్నాడు. స్క్రీన్ మీద 46, 68, 67. ఒక్క నిమిషం నాకూ ఏం తోచలేదు. సెట్టింగ్స్‌లో దశాంశాలు పెంచితే 45.6, 67.7, 66.7, కూడితే సరిగ్గా 180. ఫైలు చేసినవాళ్లు దశాంశాలు తీసేసి పెట్టారు, అంతే. ఇది నోట్‌గా రాసి డ్రైవ్‌లో పెట్టా, వేరే బడి సార్ ఒకాయన ఆ ఫైలుని సరిచేయకుండా రౌండింగ్ పాఠానికి వాడుకున్నారు.

నష్టపోయింది కూడా ఉంది. పాత యానిమేషన్లు చాలావరకు ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచేవి, 2020 డిసెంబర్ 31తో అడోబ్ ఫ్లాష్‌కి సపోర్ట్ ఆపేసింది, నేను ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ఫోల్డర్లు పనికిరాకుండా పోయాయి. ఫెట్ వాళ్లు మాత్రం చాలా వాటిని బ్రౌజర్‌లో నేరుగా నడిచే హెచ్‌టీఎంఎల్5లోకి మార్చారు కాబట్టి బతికిపోయాం. అప్పట్నుంచి ముఖ్యమైన ప్రతి పాఠానికీ ఒక పీడీఎఫ్ పెట్టుకుంటున్నా, కరెంట్ పోయినా కాగితం ఉంటుంది. వర్డ్ ఫైళ్లయితే వేరే కంప్యూటర్‌లో తెరిచేసరికి సమీకరణాలు చెదిరిపోతాయి, అందుకని మార్చుకోడానికి వర్డ్, ప్రింటుకి పీడీఎఫ్, రెండూ పెట్టండి.

లైసెన్స్ కూడా చూసుకోండి, చాలామంది చూడరు. క్రియేటివ్ కామన్స్ అంటే తాము చేసినవాటిని వేరేవాళ్లు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్సులు. అందులో బీవై (BY) అంటే పేరు చెప్పి వాడుకోవచ్చు, మార్చి పంచుకోవచ్చు. పక్కన ఎన్‌డీ (ND) అని ఉంటే మార్చినదాన్ని పంచకూడదు. జవాబుల కీలు మాత్రం ఎవరు పెట్టినా సరే ముందురోజు ఒకసారి చేసి చూసుకోవాల్సిందే, నాకు రెండుసార్లు తప్పు కీ తగిలింది, ఒకసారి పేపర్లన్నీ దిద్దేశాక తెలిసింది. పిల్లలందరికీ మార్కులు మళ్లీ వేసి, డ్రైవ్‌లో ఆ కీ సరిచేసి, ఎక్కడ తప్పుందో కింద రాశా.

ఐదుకి నాలుగు ఇస్తా. ఆ మిగిలిన ఒకటి నోట్ లేకుండా పడున్న ఫైళ్ల వల్ల తగ్గింది, ఈ సెలవుల్లో నావి నేను ఒక్కోటీ తెరిచి రాస్తున్నా, ఇప్పటికి కాంతి పాఠం దాకా అయింది.