బొమ్మా మాటా రెండూ రావాలి: టీవీకి వీడియో ప్లేయర్ ఎంచుకోవడం గురించి

మా ఇంట్లో వీడియోలు భద్రపరిచే పని నాది. నాన్న క్యామ్‌కార్డర్‌తో తీసిన టేపుల్లోంచి ఎక్కించినవి, పాత డీవీడీల్లోంచి తీసుకున్నవి, ఒకప్పటి చిన్న డిజిటల్ కెమెరాలవి, ఇప్పుడు అందరి ఫోన్లలోంచి వచ్చిపడేవి, అన్నీ ఒకే హార్డ్ డిస్కులో ఉన్నాయి. కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని వాటిని చూడటం నాన్నకు నచ్చదు. పెద్ద తెర మీద, టీవీ రిమోట్‌తోనే, నలుగురం కలిసి చూడాలంటారు. ఆయన అడిగేది సబబే.

కాబట్టి ఇది సినిమా యాప్‌ల కోసం టీవీకి గుచ్చే స్టిక్ కొనేవాళ్లకు రాస్తున్నది కాదు. తమ దగ్గరున్న ఫైళ్లను టీవీలో చూడాలనుకునేవాళ్లకు. రెండూ ఒకే పని అనిపిస్తాయి గానీ కానే కావు. యాప్‌లో వచ్చే వీడియోను ఆ కంపెనీయే మన పరికరానికి సరిపడేలా తయారుచేసి పంపుతుంది. మన డిస్కులో ఉన్నవాటిని అలా ఎవరూ తయారుచేయలేదు. ఏ కాలంలో ఏ కెమెరా ఏ పద్ధతిలో రాస్తే అలాగే ఉండిపోయాయి. వాటన్నిటినీ చదవగలిగే పరికరం కావాలి.

అందుకే పరికరాల జోలికి వెళ్లకముందే డిస్కులో ఏముందో చూసుకోవాలి. ఫైలు పేరు చివర ఎంపీ4 అనో ఎంకేవీ అనో ఉండేది డబ్బా మీది పేరు మాత్రమే, లోపలి సరుకు వేరు. ఒక ఎంకేవీలో 2003లో వచ్చిన హెచ్.264 వీడియో ఉండొచ్చు, 2013 నాటి హెచ్‌ఈవీసీ ఉండొచ్చు, 2018లో వచ్చిన ఏవీ1 ఉండొచ్చు. అట్టపెట్టె మీద ‘ఎంకేవీ సపోర్ట్’ అని రాసి ఉన్నంత మాత్రాన మీ ఎంకేవీ ప్లే అవుతుందని లేదు. మీడియాఇన్ఫో అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఫైలును అందులో తెరిస్తే వీడియో ఏ పద్ధతిది, ఆడియో ఏ పద్ధతిది, సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఎంత బిట్‌రేటు (సెకనుకు ఎంత డేటా), అన్నీ చెప్పేస్తుంది. కొనే ముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి.

మా డిస్కులో తేలింది ఇది. టేపుల్లోంచి వచ్చినవి డీవీ పద్ధతిలో ఉన్న ఏవీఐలు. డీవీడీలవి ఎంపెగ్-2. పాత ఏవీఐల్లో చాలావరకు ఎక్స్‌విడ్. హ్యాండీక్యామ్‌వి ఎంటీఎస్ ఫైళ్లు. ఫోన్లవి కొన్ని హెచ్.264, కొన్ని హెచ్‌ఈవీసీ. వీటన్నిటినీ ఒక్క రిమోట్‌తో నడిపించాలన్నది నా షరతు.

ముందుగా టీవీనే. ఈమధ్య టీవీలన్నిటికీ యూఎస్‌బీ పోర్టు, అందులో ఒక ప్లేయర్ ఉంటాయి. మీ దగ్గరున్నవన్నీ ఈ కొన్నేళ్ల ఫోన్ వీడియోలే అయితే, హెచ్.264 బొమ్మ, ఏఏసీ ఆడియో ఉన్న ఎంపీ4లే అయితే, ఏమీ కొనకండి. పెన్‌డ్రైవ్ గుచ్చి చూసుకోండి, చాలు. ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను. అనవసరంగా ఇంకో పెట్టె, ఇంకో రిమోట్, ఇంకో అడాప్టర్ ఎందుకు?

మా టీవీ దగ్గర మాత్రం ఆ ముచ్చట తీరలేదు. డీవీ ఫైళ్లను అసలు జాబితాలోనే చూపించలేదు. ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసిన కొన్ని వీడియోలు పక్కకు పడుకుని వచ్చాయి. ఫోన్ ఫ్రేమును అడ్డంగానే రాసి, ‘తిప్పి చూపించు’ అని ఫైల్లో ఒక గుర్తు పెడుతుంది. మా టీవీ ఆ గుర్తును పట్టించుకోదు. ఇక అన్నిటికంటే చిరాకు పెట్టింది ఆడియో. డీవీడీలోంచి తీసుకున్న ఒక కచేరీ పెడితే బొమ్మ నిక్షేపంగా ఉంది, పాట లేదు. నాన్న వాల్యూమ్ పెంచుతూనే ఉన్నారు. “బొమ్మ వస్తోంది గానీ మాట ఏదమ్మా?” అని అడిగారు. ఆ ఫైల్లో ఆడియో డీటీఎస్ అనే పద్ధతిది. టీవీ కంపెనీ దానికి లైసెన్సు తీసుకోవాలి. కొన్ని పెద్ద కంపెనీలే తమ టీవీల్లో దాన్ని మానేశాయి. డాల్బీ డిజిటల్ అయితే దాదాపు అన్ని టీవీల్లో వస్తుంది. ఒకటీ అరా ఫైళ్లకే ఈ ఇబ్బంది ఉంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఆడియోను మాత్రం మార్చుకోవచ్చు. బొమ్మను తిరిగి ఎన్‌కోడ్ చేయనక్కర్లేదు, దాని నాణ్యత ఏమాత్రం తగ్గదు, కొద్ది నిమిషాల పని. ఫోల్డర్లకు ఫోల్డర్లు ఉంటే మాత్రం పరికరం మార్చుకోవడమే నయం.

పెన్‌డ్రైవ్ గురించి ఇక్కడే ఒక మాట. ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. డీవీ టేపు గంటకు సుమారు 13 జీబీ తీసుకుంటుంది. అంటే ఎక్స్‌ఫ్యాట్‌లోనో ఎన్‌టీఎఫ్ఎస్‌లోనో పెట్టాలి, కొనే పరికరం వాటిని చదవాలి. ఇది స్పెసిఫికేషన్లలో ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది. వెతికి చూడండి. పోర్టులో కరెంటు సంగతీ అంతే. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్కప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు. తిరిగే హార్డ్ డిస్కు మొదలయ్యేటప్పుడు అంతకంటే ఎక్కువ లాగుతుంది. డిస్కు టిక్కు టిక్కుమంటూ మొదలవ్వక ఆగిపోతుంటే డిస్కు పాడైందని కంగారు పడకండి. ముందు విడిగా కరెంటు అందే యూఎస్‌బీ హబ్ పెట్టి చూడండి.

తర్వాత తమ్ముడు తన దగ్గరున్న ఆండ్రాయిడ్ బాక్స్ ఒకటి తెచ్చిచ్చాడు. ఎవరు తయారుచేశారో తెలియని రకం, పైన 8కే అని పెద్ద అక్షరాలు. ఫైళ్లు చాలావరకు తెరిచింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ నాన్న టేపు పెట్టగానే తేడా తెలిసింది. ఉయ్యాల ఊగుతున్న నా చిన్నప్పటి వీడియో అది. ఉయ్యాల కదిలినప్పుడల్లా నా చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలికలు చీలికలుగా కనిపించాయి. నిలబడిపోతే మామూలు బొమ్మ, కదిలితే గీతలు.

పాత టేపులున్న ప్రతివాళ్లకూ ఇది ఎదురవుతుంది, అందుకని కాస్త వివరంగా చెబుతాను. మా టేపులు ‘పాల్’ అనే పాత టీవీ పద్ధతివి. ఆ కెమెరా సెకనుకు 25 పూర్తి ఫ్రేములు తీయదు, 50 సగం ఫ్రేములు తీస్తుంది. ఒకసారి బేసి గీతలు, మరోసారి సరి గీతలు. రెండు సగాల మధ్య సెకనులో యాభయ్యో వంతు తేడా ఉంటుంది. ఆ కాస్త సమయంలో ఉయ్యాల జరిగిపోతుంది. రెండు సగాలనూ కలిపేసి ఒకే ఫ్రేముగా చూపిస్తే గీతలు రాక తప్పదు. ప్లేయర్ వాటిని విడదీసి, ప్రతి సగాన్నీ పూర్తి ఫ్రేముగా పూరించి, సెకనుకు 50 చొప్పున చూపించాలి. దీన్నే డీఇంటర్లేసింగ్ అంటారు. బాగా చేసే ప్లేయర్‌లో పాత టేపు చూస్తుంటే కదలిక ఎంత సాఫీగా ఉంటుందంటే, ఎదురుగా జరుగుతున్నట్టే ఉంటుంది. సరిగ్గా చేయని ప్లేయర్‌లో చూసి ‘పాత కెమెరా కదా, ఇంతే’ అనుకుంటాం. టేపులో ఏ లోపమూ లేదు.

ఆ బాక్స్‌లో ఇంకో ఇబ్బంది, ఏది పెట్టినా టీవీకి 60 హెర్ట్జ్‌లోనే, అంటే సెకనుకు 60 ఫ్రేముల చొప్పునే పంపడం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 60ని 24తో భాగిస్తే నిశ్శేషంగా పోదు కాబట్టి ఒక ఫ్రేమును రెండుసార్లు, తర్వాతిదాన్ని మూడుసార్లు చూపిస్తూ పోతుంది. కెమెరా నెమ్మదిగా పక్కకు జరిగే సీనులో ఇది కుదుపుగా తెలుస్తుంది. 25, 50 ఫ్రేముల వీడియోలైతే ఇంకా ఎగుడుదిగుడుగా ఉంటాయి. వీడియోకు తగ్గట్టు టీవీ రిఫ్రెష్ రేటును మార్చగలిగే పరికరం కావాలి. యాపిల్ టీవీలో ‘మ్యాచ్ కంటెంట్’ అనే సెట్టింగ్, ‘కోడి’ అనే ఉచిత ప్లేయర్ ప్రోగ్రామ్‌లో ‘అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్’ అనే సెట్టింగ్ దీనికే. రెండిట్లోనూ మనమే వెళ్లి ఆన్ చేసుకోవాలి. ర్యామ్ ఎంత, 8కేనా కాదా అని అడిగే ముందు ఈ సెట్టింగ్ ఉందా లేదా అని అడగండి.

పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ బాక్స్‌లను వద్దనడానికి నాకు మరో గట్టి కారణం ఉంది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ‘బ్యాడ్‌బాక్స్ 2.0’ గురించి హెచ్చరిక ఇచ్చింది. ఇలాంటి స్ట్రీమింగ్ బాక్స్‌లలో కొన్ని ఇంటికి వచ్చేసరికే మాల్‌వేర్‌తో ఉంటున్నాయని, ఇంటి నెట్‌వర్క్‌ను నేరాలకు వాడుకుంటున్నారని దాని సారాంశం. కుటుంబ వీడియోలున్న డిస్కును అలాంటి పెట్టెకు తగిలించడం నాకు ఇష్టం లేదు. తమ్ముడికీ అదే చెప్పి వాపసు ఇచ్చేశాను.

చివరికి మా ఇంట్లో కుదురుకున్నది రాస్ప్‌బెర్రీ పై 4. 2019లో వచ్చిన చిన్న కంప్యూటర్ బోర్డు. అందులో లిబ్రెలెక్ అనే ఉచిత వ్యవస్థను మెమరీ కార్డులోకి ఎక్కించాను. అది పూర్తిగా కోడి ప్లేయర్ కోసమే తయారైనది. ఆన్ చేస్తే నేరుగా కోడి తెర వస్తుంది, యాడ్‌లు లేవు, సైన్ ఇన్ లేదు. డీవీ, ఎంపెగ్-2, ఎక్స్‌విడ్, ఎంటీఎస్, ఫోన్ల హెచ్‌ఈవీసీ, పెట్టినవన్నీ తెరిచింది. కచేరీలో పాట వినిపించింది, ఎందుకంటే డీటీఎస్‌ను కోడి తనే విప్పి మామూలు ఆడియోగా టీవీకి పంపుతుంది. ఉయ్యాల మీద గీతలు పోయాయి. పడుకున్న వీడియోలు లేచి నిలబడ్డాయి. నాన్న సగంలో ఆపి భోజనానికి వెళ్లినా, మళ్లీ వచ్చాక ఎక్కడ ఆపారో అక్కడి నుంచే మొదలుపెట్టమంటారా అని అడుగుతుంది.

అన్నిటికంటే నాన్నకు నచ్చింది, కొత్త రిమోట్ లేకపోవడం. హెచ్‌డీఎంఐ కేబుల్ గుండానే టీవీ రిమోట్ మీటలు ప్లేయర్‌కు అందే ఏర్పాటు ఉంది, దాని పేరు సీఈసీ. టీవీ సెట్టింగుల్లో ఆ పేరుతో వెతికితే దొరకకపోవచ్చు. సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రేవియా సింక్ అంటారు. రాస్ప్‌బెర్రీ పై 4కు హెచ్‌డీఎంఐ పోర్టులు రెండుంటాయి. పవర్ కేబుల్ పక్కనున్నదాంట్లోనే పెట్టండి.

తెలుగు సబ్‌టైటిల్స్ సంగతి కూడా చెప్పాలి. అమ్మమ్మ మాటలు చిన్నపిల్లలకు అర్థం కావని కొన్ని వీడియోలకు నేనే ఎస్ఆర్‌టీ ఫైళ్లు రాశాను. టీవీ సొంత ప్లేయర్‌లో గుణింతాలు ఒకచోట, ఒత్తులు ఇంకోచోట పడి చదవడానికి వీల్లేకుండా వచ్చాయి. కోడిలో తెలుగు ఫాంటు పెట్టి ఎంచుకున్నాక అక్షరాలు కుదురుగా వచ్చాయి. ఫైలును యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతిలో సేవ్ చేసి, వీడియో పేరే దానికీ పెట్టాలి.

లోపాలు లేకపోలేదు. రాస్ప్‌బెర్రీ పై 4 చిప్ హెచ్‌ఈవీసీని 4కే వరకు విప్పుతుంది గానీ హెచ్.264ను 1080పీ వరకే. మా వదిన ఫోన్ 4కే వీడియోను హెచ్.264లో రాస్తుంది, అవి ఆగి ఆగి నడుస్తాయి. ఏవీ1కు చిప్‌లో ఏర్పాటు లేదు, వెలుగునీడలను మెరుగ్గా చూపే డాల్బీ విజన్ రాదు. సినిమా యాప్‌ల కోసమైతే దీన్ని తీసుకోకండి. ఆపే బటన్ లేదు. మెనూలోంచి షట్‌డౌన్ చేయకుండా ప్లగ్ పీకేస్తే మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది. ఇంట్లో అందరికీ ఇది గట్టిగా చెప్పి పెట్టాను. కార్డులోకి ఎక్కించడం, మొదటి సెట్టింగులు కష్టం కాదు గానీ, ఓపిక లేనివాళ్లకు టెన్షనే.

ఆ ఓపిక లేకపోతే యాపిల్ టీవీ 4కే తీసుకోవచ్చు. వేగంగా, నిలకడగా పనిచేస్తుంది. ఇన్‌ఫ్యూజ్, వీఎల్‌సీ లాంటి యాప్‌లు వేసుకుంటే చాలా రకాలు ప్లే అవుతాయి. కానీ దానికి యూఎస్‌బీ పోర్టు లేదు. డిస్కు రౌటర్‌కో కంప్యూటర్‌కో తగిలించి నెట్‌వర్క్ ద్వారా చూడాలి. ఎన్‌విడియా షీల్డ్ టీవీ ప్రో 2019 మోడల్. రెండు యూఎస్‌బీ 3.0 పోర్టులు, గిగాబిట్ ఈథర్నెట్, యాప్‌లు, డాల్బీ విజన్, అన్నీ ఉన్నాయి, ఏవీ1 లేదు. ఇంట్లో హోమ్ థియేటర్ రిసీవర్ ఉండి, ఫైళ్లూ యాప్‌లూ ఒకే పెట్టెలో కావాలంటే నేను దీన్నే చూస్తాను. చిన్న స్టిక్‌లు ఫైళ్ల పనికి నాకు నచ్చలేదు. ఉన్న ఒక్క పోర్టూ కరెంటుకే పోతుంది, డిస్కు పెట్టాలంటే అడాప్టర్ వెతుక్కోవాలి.

నెట్‌వర్క్ ద్వారా చూసేవాళ్లు టీవీ ఈథర్నెట్ పోర్టును గుడ్డిగా నమ్మకండి. చాలా టీవీల్లో అది సెకనుకు 100 మెగాబిట్లదే. మామూలు బ్లూరే నాణ్యత వీడియోకు, అంటే సెకనుకు 40 మెగాబిట్లకు, అది ధారాళంగా సరిపోతుంది. 4కే బ్లూరే పద్ధతిలో బిట్‌రేటు 128 మెగాబిట్ల వరకు వెళ్లొచ్చు, అలాంటి ఫైలు భారీ సీన్లలో ఆగిపోతుంది. అప్పుడు మంచి వైఫైయే కేబుల్ కంటే మెరుగ్గా పనిచేస్తుంది.

ఏ పరికరమైనా తిరిగి ఇచ్చే గడువులోపే పరీక్షించాలి. నా దగ్గర దీనికోసమే ఒక పెన్‌డ్రైవ్ ఉంది. 4 జీబీ దాటిన ఫైలు ఒకటి, డీటీఎస్ ఆడియోది ఒకటి, ఉయ్యాల టేపు ముక్క, కెమెరా నెమ్మదిగా పక్కకు జరిగే 24 ఫ్రేముల సీను, నిలువుగా తీసిన ఫోన్ వీడియో, తెలుగు ఎస్ఆర్‌టీ ఉన్నది, వదిన ఫోన్ 4కే. మంచి ఫైళ్లు పెట్టి చూస్తే ప్రతి పరికరమూ బాగానే ఉంటుంది. మిమ్మల్ని ఇబ్బంది పెట్టినవాటినే పెట్టండి. ప్లే అయిందా లేదా అని చూసి ఆపేయకుండా మధ్యలోకి జరిపి చూడండి, ఆపి మళ్లీ మొదలుపెట్టండి, మాటకూ పెదవులకూ పొంతన ఉందో లేదో చూడండి. ఆ తర్వాత రిమోట్‌ను ఇంట్లో పెద్దవాళ్ల చేతికిచ్చి, మీరేమీ చెప్పకుండా, కావలసిన వీడియో వాళ్లంతట వాళ్లే తెరవగలుగుతున్నారేమో చూడండి.