ప్రయాణాల బుకింగ్‌కు కార్డు ఆన్-ఆఫ్ స్విచ్: కొన్నేళ్లు వాడినాక నా అభిప్రాయం

టికెట్లు, హోటల్ గదులు క్రెడిట్ కార్డుతో బుక్ చేసే ప్రతి ఒక్కరూ వాడాల్సిన సదుపాయం ఒకటి మీ బ్యాంకు యాప్‌లోనే ఉంది. కార్డు సెట్టింగ్స్‌లోకి పోతే స్వదేశంలో ఆన్‌లైన్ వాడకం, విదేశీ లావాదేవీలు, ఏటీఎం, స్వైప్, ట్యాప్ అన్నిటికీ విడివిడిగా స్విచ్‌లుంటాయి. దేనికి ఎంత పరిమితి ఉండాలో కూడా మనమే పెట్టుకోవచ్చు. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో ఇచ్చిన ఆదేశం వల్ల ఇవి వచ్చినాయి. నేను దాదాపు అప్పటి నుంచీ వాడుతున్నాను. మా ఇంట్లోవాళ్ల ప్రయాణాలన్నీ నా చేతి మీదే జరుగుతాయి కాబట్టి దీని మంచీ చెడూ రెండూ చూసినాను.

అనంతపురం వాళ్లం విమానం ఎక్కాలంటే ఎక్కువగా బెంగళూరు విమానాశ్రయం ఉండే దేవనహళ్లికే పోతాం. ఒక్క ప్రయాణానికి కార్డు నంబరు ఎన్నిచోట్లకు పోతుందో లెక్కేయండి. విమానం సైటు, హోటల్ సైటు, ఎయిర్‌పోర్టు బస్సు, బయటి దేశమైతే వీసా, ఇన్సూరెన్స్. మన దేశంలోని సైట్లు 2022 అక్టోబరు 1 నుంచి కార్డు నంబరు దాచుకోకూడదు, దాని బదులు టోకెన్, అంటే అసలు నంబరుకు బదులు వాడే వేరే కోడ్, మాత్రమే పెట్టుకోవాలి. ఇక్కడి సైట్లలో ఓటీపీ కూడా ఉంటుంది. అసలు భయం విదేశీ సైట్లతోనే. అక్కడ చాలాచోట్ల ఓటీపీ అడగరు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనక ఉండే మూడంకెలు తెలిస్తే చాలు, డబ్బు పోతుంది. హోటల్ బుక్ చేసినప్పుడు ఆ వివరాలు సైటు నుంచి హోటల్ కౌంటర్ దాకా ఎవరెవరి చేతుల్లోకి పోతాయో మనకు తెలియదు.

మా అక్క కూతురు సింగపూర్ పోయేటప్పుడు ఒక విదేశీ సైటులో గది బుక్ చేసినాను. డబ్బు కట్టిన వెంటనే విదేశీ లావాదేవీల స్విచ్ ఆపేసినాను. కొన్ని వారాలకు ఒక అర్ధరాత్రి ఫోన్‌కు బ్యాంకు మెసేజ్ వచ్చింది: మీ కార్డు మీద విదేశీ వాడకం ఆపి ఉంది కాబట్టి ఈ లావాదేవీ తిరస్కరించాం అని. మొత్తం ఒక డాలరు. వెనకే ఇంకో మెసేజ్, ఈసారి పెద్ద మొత్తం. అదీ తిరస్కరించినారు. దొంగలు మొదట చిన్న మొత్తంతో కార్డు బతికుందా లేదా చూస్తారు, పనిచేస్తే పెద్దది లాగుతారు. తెల్లారగానే ఆ కార్డు బ్లాక్ చేయించి కొత్త నంబరుతో వేరే కార్డు తీసుకున్నాను. నంబరు ఎక్కడ బయటికి పోయిందో ఇప్పటికీ తెలియదు. స్విచ్ ఆన్‌లో ఉండి ఉంటే నేను నిద్రపోతుండగానే పని అయిపోయుండేది.

పరిమితి కూడా అంతే ముఖ్యం, కానీ దాన్ని ఎవరూ పట్టించుకోరు. నేను ప్రయాణాలకు వేరే కార్డు పెట్టుకున్నాను. మామూలు రోజుల్లో దాని ఆన్‌లైన్ పరిమితి ఒక బస్సు టికెట్టుకు సరిపోయేంతే. విమానం టికెట్లు కొనేరోజు పెంచి, కొన్నాక తగ్గిస్తాను. కరెంటు బిల్లు, ఓటీటీ లాంటి నెలనెలా కట్టేవి ఈ కార్డుకు తగిలించవద్దు. ఆన్‌లైన్ స్విచ్ ఆపితే అవీ ఆగిపోయే అవకాశం ఉంది.

ఇబ్బందులూ ఉన్నాయి. కొన్ని విమానాల సైట్లు ధర రూపాయల్లోనే చూపించినా డబ్బు విదేశీ బ్యాంకు ద్వారా తీసుకుంటాయి. అప్పుడు విదేశీ స్విచ్ ఆపి ఉంటే పేమెంటు ఫెయిల్. ఎందుకు ఫెయిల్ అయిందో సైటు చెప్పదు, మనమే కనుక్కోవాలి. 'ఇప్పుడు డబ్బు కట్టనక్కర్లేదు' అనే హోటల్ బుకింగ్‌లో ఇంకో చిక్కు ఉంది. హోటల్‌వాళ్లు తర్వాత ఎప్పుడో కార్డు మీద డబ్బు తీసుకోబోతారు, స్విచ్ ఆపి ఉంటే బుకింగ్ రద్దయినా కావచ్చు. అందుకే నేను అలాంటి గదులు తీసుకోను, కట్టేదేదో ముందే కట్టేస్తాను. తత్కాల్ టికెట్లకైతే ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు బుకింగ్ మొదలయ్యే ముందే స్విచ్ వేసి పెట్టుకోవాలి. ఆ నిమిషంలో బ్యాంకు యాప్ తెరుచుకోకపోతే సీటు పోతుంది. టికెట్టు రద్దు చేసుకుంటే వచ్చే డబ్బుకు మాత్రం స్విచ్ ఎప్పుడూ అడ్డురాలేదు.

ఇది కాపాడలేనిది ఒకటుంది. మనంతట మనమే ఓటీపీ ఇస్తే ఏ స్విచ్చూ ఆపలేదు. మా చిన్నాయన ఒక టికెట్టు రద్దు చేసుకుని, డబ్బు రాలేదని కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికినాడు. పైన కనిపించిన నంబరుకు చేసినాడు. కాసేపటికి నాకు ఫోన్.

"రేయ్, డబ్బులు వాపసు వేస్తామంటాండారు. ఓటీపీ వచ్చింది, చెప్పమంటాండారు."

"చెప్పొద్దు చిన్నాయనా. ఆ మెసేజ్‌లో ఏం రాసుందో నాకు చదువు."

చదివినాడు. నలభై వేల పైచిలుకు కొనుగోలుకు ఓటీపీ అని, కింద ఏదో దుకాణం పేరు. వాపసు అన్న మాటే లేదు అందులో. ఓటీపీ మెసేజ్‌లో మనం చూసేది ఆరంకెలే, వాటి పక్కనే ఎంత డబ్బు, ఎవరికి పోతుందో రాసి ఉంటుంది. ఆ ఒక్క వరుస చదివితే చాలా మోసాలు అక్కడే ఆగిపోతాయి. డబ్బు మన ఖాతాకు రావడానికి ఓటీపీ అవసరం లేదు. ఐఆర్‌సీటీసీ టికెట్టు రద్దయితే మనం ఏ దారిన కట్టినామో ఆ దారినే డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది. ఎవరన్నా మన స్క్రీన్ వాళ్లకు కనిపించే యాప్ వేసుకోమన్నా, వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) పంపినా అది దొంగ పనే. ఫోన్‌లో వచ్చే ఓటీపీలను వాళ్లు అక్కడి నుంచే చదువుకుంటారు.

సైటు అసలుదో కాదో చూసుకోవడం కూడా మన పనే. తిరుమల గదులకు, దర్శనానికి నకిలీ సైట్లు పెట్టినవాళ్ల మీద టీటీడీ ఎన్నోసార్లు ఫిర్యాదు చేసింది. అసలు సైటు చిరునామా 'ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్' అని ముగుస్తుంది. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లకు ఐఆర్‌సీటీసీ హెలియాత్ర సైటు ఉంది. ఫేస్‌బుక్ ప్రకటన నుంచి ఎవరూ ఆ టికెట్లు కొనవద్దు.

ఇంతా చేసినా డబ్బు పోతే ఆలస్యం చేయకూడదు. ముందు బ్యాంకుకు, తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. రిజర్వు బ్యాంకు 2017 జులై నియమాల ప్రకారం తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా వేరెక్కడో జరిగితే, బ్యాంకు మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లోగా చెబితే మనకు ఒక్క రూపాయి భారం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే కొంత మన మీద పడుతుంది. 5 లక్షల దాకా పరిమితి ఉన్న క్రెడిట్ కార్డుకు అది 10,000 రూపాయలు మించదు. ఓటీపీ మనమే చెప్పి ఉంటే మాత్రం ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మన నష్టమే. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. సప్తగిరి సర్కిల్ దగ్గరి బ్రాంచికి పోయి నిలబడటం కన్నా యాప్‌లో రెండు నిమిషాల్లో కార్డు బ్లాక్ చేయడం మేలు, కాగితాల పని తర్వాత చేసుకోవచ్చు.

నేను ఐదుకు నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఎందుకంటే, స్విచ్ ఆపడం మనమే గుర్తు పెట్టుకోవాలి. అరగంట ఆన్‌లో ఉండి దానంతటదే ఆగిపోయే ఏర్పాటు నా బ్యాంకు యాప్‌లో లేదు. అది కావాలని బ్యాంకుకు రాసినాను. మీ యాప్‌లోనూ లేకపోతే మీరూ రాయండి.