పాన్‌కేక్ జీఎం మీటర్: హాట్ ల్యాబ్‌లో ఏళ్లు వాడాక

పాన్‌కేక్ జీఎం అంటే రేడియేషన్‌ను లెక్కపెట్టే, ముందుభాగం చదునుగా గుండ్రంగా ఉండే గైగర్-ముల్లర్ మీటర్. రేడియోధార్మిక మందు ఎక్కడ ఒలికిందో పట్టుకోవడానికి దీన్ని మించింది లేదు. మనిషికి ఎంత రేడియేషన్ డోసు తగిలిందో చెప్పమంటే మాత్రం దీని మాట నమ్మొద్దు. హైదరాబాద్‌లో న్యూక్లియర్ మెడిసిన్ హాట్ ల్యాబ్‌లో (రేడియోధార్మిక మందులు సిద్ధం చేసే గదిలో) టెక్నీషియం-99ఎం, అయోడిన్-131, లుటీషియం-177 మధ్య రోజూ వాడుతూ తేల్చుకున్న సంగతి ఇది.

ప్రోబ్ (మీటర్‌లో రేడియేషన్‌ను పట్టే భాగం) ముందున్న మైకా పొర చదరపు సెంటీమీటరుకు సుమారు 2 మిల్లీగ్రాములే. అంత పల్చన కాబట్టే అయోడిన్ బీటా కణాలు లోపలికి వెళ్తాయి, అంత పల్చన కాబట్టే సూది మొన తగిలితే ట్యూబ్ పోతుంది. జాలీ ఉన్నా సూదిని ఆపదు. చిల్లు పడ్డాక అతికించడం కుదరదు, ట్యూబ్ మార్చాల్సిందే.

మన ఊరి గ్రానైట్‌లో యురేనియం, థోరియం, పొటాషియం కాస్త ఎక్కువే. గ్రానైట్ గట్టు మీద బ్యాక్‌గ్రౌండ్ (చుట్టూ సహజంగా ఉండే రేడియేషన్) ఒకలా, స్టీలు బల్ల మీద ఇంకోలా వస్తుంది. అందుకే ఎక్కడ కొలుస్తామో అక్కడే బ్యాక్‌గ్రౌండ్ తీయాలి. నిమిషానికి 50 కౌంట్లుంటే ఒక్క నిమిషం లెక్కలో 7 అటూ ఇటూ సహజం. అదే 10 నిమిషాలు లెక్కిస్తే తేడా 2కి దిగుతుంది. చిన్న మరక (ఒలికిన మందు జాడ) తేల్చాలంటే ఆ ఓపిక తప్పదు.

లెక్క సులువే. బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక నిమిషానికి 300 కౌంట్లంటే సెకనుకు 5. ప్రోబ్ వైశాల్యం 15 చ.సెం.మీ., సామర్థ్యం (విచ్ఛిన్నమయ్యే అణువుల్లో మీటర్ లెక్కలోకి వచ్చే వంతు) 10 శాతం అనుకుంటే చదరపు సెంటీమీటరుకు 3.3 బెక్వెరల్, అంటే సెకనుకు 3.3 అణువుల విచ్ఛిన్నం. ఆ సామర్థ్యం ఐసోటోపును (ఏ రేడియోధార్మిక పదార్థం అన్నదాన్ని) బట్టి మారుతుంది. సీసియంతో క్యాలిబ్రేట్ చేసిన మీటర్ టెక్నీషియం దగ్గర డోసు రేటు ఎక్కువ చూపిస్తుంది కాబట్టి మైక్రోసీవర్ట్ (డోసు కొలమానం) స్కేలు పక్కన పెట్టి కౌంట్లే చూడండి. థెరపీ వయల్ (చికిత్స మందు సీసా) దగ్గర దీనికి పూర్తిగా వ్యతిరేకం, తక్కువ చూపిస్తుంది: డెడ్ టైమ్ (ఒక కౌంటు పడ్డాక ట్యూబ్ ఇంకోటి పట్టలేని వ్యవధి) 80 మైక్రోసెకన్లు ఉన్న ట్యూబ్‌లో సెకనుకు 5,000 కౌంట్లు కనిపిస్తే అసలువి 8,300. ఇంకా దగ్గరికెళ్తే ముల్లు వెనక్కి పడిపోయే ప్రమాదం కూడా ఉంది. అక్కడ అయాన్ చాంబర్ (ఎక్కువ రేడియేషన్‌ను కొలవగల మీటర్) ఉండాలి.

వ్యర్థాల సంచుల దగ్గరే దీని లోటు బాగా తెలుస్తుంది. గామా కిరణాలను ఇది నూటికి ఒకటి పట్టుకుంటే గొప్ప. సంచి నడుమ ఉన్న అయోడిన్ వయల్ బయటికి దాదాపు బ్యాక్‌గ్రౌండ్‌లాగే కనిపించొచ్చు. పది అర్ధాయువులు (అర్ధాయువంటే రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం), అంటే అయోడిన్‌కు 80 రోజులు ఆగాక, సంచిని నాలుగు వైపులా తిప్పి, గామాను బాగా పట్టే సోడియం అయోడైడ్ డిటెక్టర్‌తో చూడాలి. లుటీషియం సంచి 67 రోజులకీ దిగకపోతే 160 రోజుల అర్ధాయువున్న లుటీషియం-177ఎం కలిసిందేమో అనుమానించాలి. క్యారియర్ (రేడియోధార్మికం కాని లుటీషియం) కలిసి ఉండేలా తయారుచేసిన మందులో అది ఉంటుంది.

మనుషుల విషయానికొస్తే, షిఫ్ట్ దిగేముందు చేతులు, చెప్పుల అడుగు చూసుకోవడానికి ఇది చాలా మంచిది. సెంటీమీటరు ఎత్తులో, సెకనుకు 5 సెం.మీ. మించకుండా జరపాలి. తొందరపడితే మరక తప్పిపోతుంది. డోసు చెప్పేది మాత్రం ఛాతీ మీద, లెడ్ ఏప్రాన్ లోపల పెట్టుకునే, తగిలిన రేడియేషన్‌ను నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జే. ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదన్న లెక్క దాంతోనే చూస్తారు. అయోడిన్ క్యాప్సూల్స్‌తో పనిచేసేవాళ్ల మెడ దగ్గర సోడియం అయోడైడ్ డిటెక్టర్ పెట్టి, అయోడిన్-131 గామా శక్తి అయిన 364 కిలోఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కౌంట్లు తీయాలి. తొడ మీద తీసిన కౌంట్లు అందులోంచి తీసేయాలి, లేకపోతే రక్తంలో తిరిగే అయోడిన్ కూడా థైరాయిడ్ ఖాతాలో పడుతుంది.

వానాకాలం కనెక్టర్‌లో తేమ చేరితే కారణం లేకుండా కౌంట్లు ఎగురుతాయి. ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. కేబుల్ కోఠి గుజరాతీ గల్లీలో కొంటే 900 వోల్టులు తట్టుకునేదేనా అని గట్టిగా అడగండి.

రోజూ పరీక్షకు ఎరువుల దుకాణంలో దొరికే పొటాష్ చాలు. గ్రాముకు సుమారు 15 బెక్వెరల్ ఉంటుంది, అర్ధాయువు 125 కోట్ల ఏళ్లు కాబట్టి కౌంటు మారదు. ఒక డబ్బాలో గట్టిగా మూసి, ప్రతిసారీ అదే దూరంలో పెట్టాలి. కౌంటు తగ్గితే ట్యూబో, హై వోల్టేజో దెబ్బతింది. డబ్బా తీసేశాక కూడా బ్యాక్‌గ్రౌండ్ దిగకపోతే మరక ప్రోబ్‌కే అంటింది. అందుకే ప్రోబ్‌కు పల్చటి క్లింగ్ ఫిల్మ్ చుట్టి, రోజూ మార్చేయాలి.