నెల్లూరు రిక్షా పంపేముందు మలక్కా, పెనాంగ్ చూసొచ్చాం

మలేషియాలో కౌలాలంపూర్‌లో ఉండే మా తమ్ముడు ఉగాది సంబరాల్లో పెట్టడానికి పాతరకం నెల్లూరు రిక్షా కావాలన్నాడు. టాపుకు రంగు కుచ్చులు, వెనక రేకు మీద ఎన్టీఆర్ బొమ్మ, హ్యాండిల్‌కు ప్లాస్టిక్ పూలు ఉండాలంట. ఒంగోలు గిత్తలు ఓడెక్కి బ్రెజిల్ పోయి అక్కడ మా ఊరి పేరుతోనే ‘నెలోర్’ అయ్యాయి. రిక్షా పోలేదా అనుకున్నా. ముందు అక్కడి రిక్షాలు చూద్దామని మా ఆవిడా నేనూ బయల్దేరాం.

మలక్కాకు కౌలాలంపూర్ నుంచి బస్సులో రెండు గంటలు. డచ్చివాళ్ళు కట్టిన ఎర్ర భవనం ముందు రిక్షాలు బారుగా నిలబడి ఉంటాయి. కార్టూన్ బొమ్మలు, మిణుకు దీపాలు, స్పీకర్లో పాటలు. పిల్లలకు పండగే గానీ మాకు తలనొప్పి వచ్చింది. పాట ఆపమంటే రిక్షా అతను నవ్వుతూ ఆపేశాడు. అక్కడ తొక్కే మనిషి మన పక్కనే ఉండి ఊరు చూపిస్తాడు. అది నాకు బాగా నచ్చింది. చిన్నప్పుడు మూలాపేట నుంచి బడికి పోతా నేను రోజూ చూసింది మా రిక్షా తాత వీపు, చెమటకు తడిసిన చొక్కా. ఆయన ముఖం ఇప్పుడు సరిగా గుర్తుకు రావడం లేదు.

మలక్కాలోనే జోంకర్ వీధి పక్కన పాత ఇంట్లో దిగాం. గది శుభ్రం, మెట్లు నిటారు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా రాత్రి సంత గోల. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింది గది అడగండి.

పెనాంగ్ జార్జ్‌టౌన్‌లో మనం ముందు, తొక్కేవాడు వెనక. మలక్కాతో పాటే 2008లో యునెస్కో జాబితాకెక్కిన ఊరు. పాత వీధులు నిదానంగా చూడ్డానికి ఇదే మేలు. రెండుచోట్లా బేరం ఎక్కేముందే తేల్చుకోవాలి.

ఇక పంపడం. ఒక ఏజెంటు గంటలో ధర చెప్పాడు గానీ చెక్కపెట్టె సంగతే ఎత్తలేదు. చెక్కలో పురుగులు చచ్చేందుకు, పెట్టె చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడి తగిలేలా 30 నిమిషాలు ఉంచి ముద్ర వేయించాలి. ప్రదర్శించి తిరిగి తెచ్చే వస్తువుకు ఏటీఏ కార్నెట్ అనే కస్టమ్స్ పత్రం ఉంది. మన దేశంలో వ్యాపార, పరిశ్రమల సంఘం ఫిక్కీ ఇస్తుంది, గడువు ఏడాది, అక్కడ సుంకం పడదు. ఇవన్నీ ముందే రాసిచ్చిన రెండో ఏజెంటుకే పని అప్పగించాం, ఖర్చు కాస్త ఎక్కువైనా.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా రిక్షా బాగుచేస్తున్న పెద్దాయన “దీపాలు పెట్టాల్నా అబ్బయ్యా?” అనడిగాడు. వద్దు, కుచ్చులు కొత్తవి కట్టమన్నా.

“ఆడ ఎవురు తొక్కేది?”

మా తమ్ముడన్నాను. ఆయన బ్రేకు ఇంకోసారి బిగించాడు.