మూడేళ్లలో తొమ్మిది సిరామిక్ అచ్చులు కొన్నా, ఆరు మిగిలాయి

భవానీపురంలో మా ఇంటి వెనక వరండాలో ఒక చిన్న ఎలక్ట్రిక్ కిల్న్ ఉంది. అత్తయ్య దాన్ని బట్టీ అంటుంది. మూడేళ్లుగా అందులో సిరామిక్ అచ్చులు పెట్టి, గాజు నూక పోసి కరిగించి ఆకులు, చేపలు, తూనీగలు చేస్తున్నాను. మొదటి వాయి దించిన రోజు అత్తయ్య ఒక ఆకు చేతిలోకి తీసుకుని, "ఏమ్మా, రాత్రంతా కరెంటు కాల్చింది దీనికేనా, బీసెంట్ రోడ్డులో పది రూపాయలకిస్తాడు" అంది. నిజానికి అంత చక్కటి ఆకు పది రూపాయలకు దొరకదు గానీ, ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు.

ఈ అచ్చులు కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తా: కొనండి, బాగా పనిచేస్తాయి. దిగుమతి సుంకంతో కలిపి నాకు ఒక్కోటి మూడు వేలు దాటింది, అయినా బాధ లేదు. కానీ దారం కట్టే కన్నం రావడానికి మధ్యలో పుల్లలాంటిది నిలబెట్టిన అచ్చులుంటాయి చూడండి, వాటి జోలికి పోకండి. నాకు పోయిన మూడింట్లో రెండు అవే. రెండోది పగిలాక గానీ కారణం బుర్రకెక్కలేదు. చల్లారేటప్పుడు గాజు సిరామిక్ కంటే ఎక్కువ ముడుచుకుంటుంది. గుంటలో ఉన్న గాజు ముడుచుకుంటే గోడలను వదిలి లోపలికి జరుగుతుంది కాబట్టి అచ్చు బోర్లించగానే చేతిలో పడుతుంది, కానీ మధ్యలో పుల్ల ఉంటే వేలికి బిగిసిన ఉంగరంలా దాన్ని పట్టేసుకుంటుంది, ఇక పుల్లో బొమ్మో ఏదో ఒకటి విరగాల్సిందే. ఇప్పుడు కన్నం కావాలంటే డైమండ్ బిట్టుతో, నీళ్లు పోస్తూ, నేనే వేసుకుంటున్నా.

మూడోది మాత్రం పూర్తిగా నా తప్పే. మే నెల, ఎవరికో పుట్టినరోజు కానుక ఇవ్వాలని టెన్షన్, 150 డిగ్రీల దగ్గరే మూత ఎత్తేశా. టప్ మని ఒకటే చప్పుడు. చేప అచ్చు తోక దగ్గర రెండుగా చీలింది, విచిత్రంగా లోపలి గాజు చేప మాత్రం బాగానే ఉంది. అప్పటినుంచి 60కి దిగేదాకా ఆ వరండావైపు వెళ్లను. వేసవిలో బయటే 44 ఉంటుంది కాబట్టి సాయంత్రం దాకా ఆగాల్సి వస్తుంది.

అసలు శ్రమంతా గాజు అచ్చుకు అంటుకోకుండా వేసే పూత దగ్గరే. కిల్న్ వాష్ అని అల్యూమినా, చైనా క్లే కలిపిన పొడి వస్తుంది. దాన్ని పల్చటి మజ్జిగలా కలిపి మెత్తటి బ్రష్‌తో నాలుగైదు పూతలు వేయాలి, ఒక్కో పూతకూ బ్రష్ దిశ మార్చాలి, మధ్యమధ్యలో హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాలి. కాస్త చిక్కగా కలిపితే బ్రష్ గీతలన్నీ గాజు మీద కనిపిస్తాయి. మొదట్లో బద్ధకించి రెండు పూతలతో సరిపెట్టా, చేప మొప్పలు అచ్చులోనే అతుక్కుపోయాయి, స్క్రూడ్రైవర్‌తో గీకితే అచ్చు మీద పడిన గాటు ఆ తర్వాత పోసిన ప్రతి చేప మీదా మచ్చలా వచ్చింది. ప్రతి వాయికీ పాత పూతను టూత్‌బ్రష్‌తో దులిపి కొత్తది వేయాలి, దులిపేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ఈ వాష్‌కు బదులు బోరాన్ నైట్రైడ్ స్ప్రే కూడా వాడి చూశా. ఆకు ఈనెలు బ్రహ్మాండంగా వస్తాయి, ధర మాత్రం మండిపోతుంది, పైగా ఒకసారి అది కొట్టిన అచ్చు మీద మళ్లీ మామూలు వాష్ నిలవదు, తామరాకు మీద నీళ్లలా జారిపోతుంది.

గాజు ఎంత పోయాలో తెలియక చాలా పాడుచేశా. ఎక్కువైతే అంచుల్లో సూదుల్లాంటి మొనలు వస్తాయి, తక్కువైతే తూనీగకు రెక్క ఉండదు. ఇప్పుడు నా పద్ధతేంటంటే, అచ్చును మెత్తటి ఉప్పుతో అంచుదాకా నింపి, ఆ ఉప్పును కొలత కప్పులో పోసి, ఎన్ని మిల్లీలీటర్లుంటే దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తా. నా ఆకు 14 మిల్లీలీటర్లు, అంటే 35 గ్రాముల గాజు. తూచి పోస్తే కుప్పగా, ఎక్కువైనట్టు కనిపిస్తుంది, కంగారుపడకండి, కరిగాక దిగుతుంది. నూక సైజు కూడా ముఖ్యమే. మైదాలాంటి పొడి వాడితే సన్నటి బుడగలు నిండి పాలలా మసకబారుతుంది, కల్లుప్పంత పలుకులైతే వెలుగు బాగా దూరుతుంది. నేను అడుగున బొంబాయి రవ్వంతది, పైన కల్లుప్పంతది వేస్తా.

సీసాలు దంచి వాడొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఇనప రోకలితో దంచి, ఇనుము రజను అయస్కాంతంతో ఏరి, అదీ చేశా. ఒకే సీసా గాజైతే ఫర్వాలేదు గానీ వేడి ఇంకా పెంచాలి, పైన తెల్లగా పొర కడుతుంది. కలపడమే అసలు ప్రమాదం. నేను వాడేది 90 లెక్క గాజు, అంటే ఒక్కో డిగ్రీకి పొడవులో కోటికి 90 వంతులు సాగుతుంది. అందులో ఫిరోజాబాద్ చేతి గాజుల ముక్కలు ఎర్రటి ఈనెలుగా వేస్తే ఎంత బాగుందో! మూడోరోజు మధ్యాహ్నం షెల్ఫ్‌లో ఎవరూ ముట్టకుండానే టిక్ మంది, వెళ్లి చూస్తే ఎర్ర గీత వెంబడే చీలిక. రెండూ ఒకే లెక్కన ముడుచుకోవు మరి.

కిల్న్‌కు నేను పెట్టే వేడి ప్రోగ్రాం ఇది: గంటకు 150 డిగ్రీల చొప్పున 670 దాకా, అక్కడ అరగంట, తర్వాత 800కి ఎక్కించి పది నిమిషాలు, దానంతటది 482కి దిగాక గంటసేపు నిలిపి, గంటకు 50 చొప్పున 370 దాకా, ఆపైన ఆపేయడమే. మీటరు చూస్తే వాయికి పది పదకొండు యూనిట్లు. కిల్న్ మూడు కిలోవాట్లు, కాబట్టి దానికి విడిగా వైరు లాగించి 16 ఆంప్స్ ప్లగ్గు పెట్టించాం. సాయంత్రాలు వోల్టేజ్ పడిపోయి ముక్కుతూ ఎక్కుతుంది, అందుకే రాత్రి పది తర్వాతే మొదలుపెడతా.

కొత్తగా కొనేవాళ్లు ఒకేసారి ఎనిమిది ఆకారాలు తెప్పించకుండా లోతు తక్కువున్న ఆకు ఒకటి, చేప ఒకటి చాలనుకోండి. నా మొదటి ఆకు అచ్చు ఇప్పటికి 41 వాయిలు చూసింది. కాడ దగ్గర వెంట్రుకంత బీట వచ్చి ఆరు నెలలైంది, ప్రతిసారీ ఇదే ఆఖరు అనుకుంటూనే పోస్తున్నా.